బిళ్ళ మీది ముఖం

వై.ఎన్.హొసకోటలో బస్సులు నిలిచే చోటి నుంచి సంత మైదానానికి పోయే దారిలో కాళాచారి ఇల్లు ఉండేది. ముందు గది అంగడి, వెనక గది కాపురం. అంగడికి బోర్డు లేదు. అద్దాల పెట్టె లేదు. అమ్మడానికి చేసిపెట్టిన నగ ఒక్కటీ అక్కడ కనిపించేది కాదు. కావలసినవాళ్ళు వెండో బంగారమో తెచ్చి, ఏం కావాలో చెప్పి, కుంపటికి ఎదురుగా కూర్చునేవాళ్ళు. ఆయన వాళ్ళ ముందే కరిగించి, వాళ్ళ ముందే కొట్టి, వాళ్ళ చేతికి ఇచ్చేవాడు.

పావగడలో నగల అంగడి ఉన్న ఒక షావుకారు తన దగ్గర పనికి రమ్మని కబురు పంపాడు. కాళాచారి పోలేదు.

"ఆడ ఒక్క మాదిరి కమ్మలే జతలు జతలు చెయ్యమంటారు. చేసిందే చేస్తా ఉంటే చెయ్యి మొద్దుబారిపోతాది" అన్నాడు.

ఈ మాట అతని భార్య జయలక్ష్మమ్మ చాలామందికి చెప్పింది. ఆమెది రాయదుర్గం. ఆమె తండ్రీ కంసాలే. లక్క కరిగించడం, తీగె లాగడం, నగకు మెరుగు పెట్టడం పెళ్ళికి ముందే నేర్చుకుంది. అంగడిలో కుంపటికి ఇటువైపు ఆమె, అటువైపు ఆయన కూర్చునేవాళ్ళు. ఉలి పట్టే పని ఆయనది. మిగిలిన పని సగం ఆమెది. సగం అని బయట ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. ఆమె కూడా అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు.

ఎనభైల్లో ఆ పావగడ తాలూకాలో వేరుశెనగ పండిన ఏడు జనం కమ్మలు, ముక్కుపుడకలు చేయించుకునేవాళ్ళు. వాన తప్పిన ఏడు అవే తెచ్చి, ఎవరన్నా కొంటారేమో చూడమని అడిగేవాళ్ళు. వాన తప్పిన ఏళ్ళే ఎక్కువ. పంటకూ కరువుకూ సంబంధం లేకుండా నడిచిన పని ఒకటుంది. అది సవతి బిళ్ళ.

భార్య చనిపోయిన మగవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, కొత్త భార్య తన తాళి పక్కన ఒక వెండి బిళ్ళ కట్టుకోవాలి. చనిపోయినామె ఆ బిళ్ళలో ఉంటుందని నమ్మకం. చీర కొంటే ముందు బిళ్ళకు చూపించి తర్వాత కట్టుకోవాలి. పెద్దల అమావాస్యకు బిళ్ళను తీసి కడిగి, పీట మీద పెట్టి పూజ చెయ్యాలి. బిళ్ళ లేకుండా కాపురం మొదలుపెడితే మొదటామె ఊరుకోదని అంటారు.

కాళాచారి తాత కాలం నుంచి ఆ ఇంట్లో బిళ్ళకు ఒక కంచు అచ్చు ఉండేది. చేతులు జోడించి నిలబడిన ఆడమనిషి బొమ్మ అది. ముఖం నువ్వుగింజంత. రేకు పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే పని అయిపోతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో చనిపోయిన భార్యలందరికీ ఆ బొమ్మే.

మంగళవాడ ఊరి ఓబళప్ప అది వద్దన్నాడు.

ఓబళప్పకు కొంత మెట్ట చేను ఉంది. అతని భార్య కరియమ్మ జ్వరంతో చనిపోయింది. మూడేళ్ళ కూతురు ఉంది. పెద్దవాళ్ళు ఈరక్క అనే అమ్మాయిని చూసి సంబంధం కుదిర్చారు. పెళ్ళికి ముందు అతను కరియమ్మ కాలి గొలుసులు తువ్వాల్లో కట్టుకుని కాళాచారి దగ్గరికి వచ్చాడు.

"ఆచారీ, అచ్చుది వద్దప్పా. ఆమె మాదిరే చెయ్యి."

"ఫోటో ఉండాదా?"

"యాడిది. పెండ్లికి గూడా తీయించలే. రేషన్ కార్డులో పేరుండాది, అంతే. రేపు పాప పెద్దదయి, మా యమ్మ ఎట్లుండేదంటే ఏం చూపించల్ల నేను?"

కాళాచారి గొలుసులు చేతిలోకి తీసుకుని తూకం చూస్తున్నట్టు ఆడించాడు.

"ఆమె ఈడికి వచ్చింది గదా, ముక్కు కుట్టించుకునేకి" అన్నాడు.

"వచ్చింది. ఆ యేడు శెనక్కాయ బాగా వచ్చినాది. కుడి పక్క గూడా కుట్టించుకుంటా అన్నెది. నేనే తోడుకొచ్చినా."

"చూస్తాలే."

గొలుసులు కరిగించి రేకు తీశాడు. రూపాయి బిళ్ళంత గుండ్రంగా కత్తిరించి, లక్క మీద బోర్లా పెట్టి, వెనక నుంచి నుదురు, ముక్కు, బుగ్గలు లేపాడు. తిప్పి ముందు వైపు ఉలి పట్టాడు. నిలబడిన బొమ్మను వదిలేసి బిళ్ళ అంతా ముఖమే చేశాడు. అలా ఎవరూ చెయ్యగా జయలక్ష్మమ్మ చూడలేదు. ఆయన అడిగినప్పుడల్లా లక్క వెచ్చబెట్టి ఇచ్చింది. కరియమ్మను ఆమె ఎప్పుడూ చూడలేదు. కరియమ్మ ముక్కు కుట్టించుకున్న ఏడు ఆమె కాన్పుకు రాయదుర్గంలో ఉంది.

ఓబళప్ప వచ్చి బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నాడు. వాకిలి దాకా పోయి వెలుతురులో చూశాడు.

"వచ్చింది" అన్నాడు.

పని బాగుందని అనలేదు. గడప మీద కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. జయలక్ష్మమ్మ అతనికి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆ సాయంత్రం చేదబావి దగ్గర ఆ సంగతే చెప్పింది.

పెళ్ళయిన తర్వాత ఒక సంత రోజు రంగక్క వచ్చింది. మంగళవాడలో కరియమ్మ ఇంటి పక్కిల్లు ఆమెది. కమ్మ కొక్కెం విరిగితే అతికించుకోవడానికి వచ్చింది.

"ఆచారీ, నీ చేతికి మొక్కల్లప్పా. కరియమ్మను తెచ్చి ఈరక్క మెడలో యాలాడదీసినావు."

కాళాచారి ఊదుగొట్టం నోట్లో పెట్టుకునే తల ఊపాడు.

"ఎడమ పక్క పెదవి కొస చూసినావా జయక్కా? నవ్వేదానికి ముందు అట్లే పైకి లేపేది. మేము పక్కపక్కిండ్లల్లో ఉండి గూడా, బిళ్ళ చూసినాకనే 'అవును గదా' అనుకున్న్యాం."

"ముక్కు కుట్టేటప్పుడు దగ్గరగా చూస్తాడు గదా. అట్ల తెలిసింటాది" అంది జయలక్ష్మమ్మ.

"ముక్కు కుట్టేటప్పుడు ఏడుస్తారు గానీ నవ్వుతారా ఎవరన్నా? నాకు కుట్టినప్పుడు మా యవ్వను గూడా తిట్టినా."

తన మాటకు తనే నవ్వి, కమ్మ పెట్టుకుని, రంగక్క సంతలోకి పోయింది. జయలక్ష్మమ్మ లక్క గిన్నెను కుంపటి మీద మరిచిపోయింది. లక్క మాడింది.

అన్నం పెట్టేటప్పుడు అడిగింది.

"ఆమె ఎందుకు నవ్వింది?"

"ఎవరు?"

"కరియమ్మ."

కాళాచారి ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "భయపడకుండా ఏదో ఒకటి చెప్తా గదా అందరికీ. నవ్వింది."

"ఏం చెప్పినావు?"

"గుర్తు లేదు."

"నవ్వు గుర్తుండాది, మాట గుర్తు లేదు."

"మాటను బిళ్ళ మీద కొట్టేది లేదు గదే."

"ఎన్నిమాట్లు వచ్చింది?"

"ముక్కు వాచింది. సంతకు వచ్చినప్పుడంతా వచ్చి చూపించుకోని పోయింది. పసుపు, వేపాకు నూరి పెట్టమని చెప్పినా."

"ఒక్కతే వచ్చిందా?"

"సంతకు ఒక్కతే వస్తారా ఎవరన్నా?"

"నేను రాయదుర్గంలో ఉండా అప్పుడు."

"ఉండావు. కాన్పుకు పోయినావు."

"అదే చెప్తాండా."

కాళాచారికి ముఖాలు గుర్తుండవని జయలక్ష్మమ్మకు తెలుసు. ఆమె చెల్లెలి మొగుడు ఒకసారి బస్సు దిగి ఎదురుగా నిలబడితే, ఏ ఊరప్పా మీది అని అడిగాడు. చేయించుకున్నవాళ్ళను నగను బట్టి గుర్తుపట్టేవాడు. మనిషి వస్తే ముందు చెవులు, ముక్కు చూసి, ఆ తర్వాత పలకరించేవాడు. అలాంటివాడికి చనిపోయిన ఒక ఆడమనిషి పెదవి కొస గుర్తుంది. ఆమె దీన్ని ఎటు తిప్పి చూసినా ఒకచోటికే వచ్చింది. చూడాలనుకున్నాడు కాబట్టి చూశాడు.

ఈలోగా బిళ్ళ సంగతి ఊళ్ళు దాటింది. రాయచెర్లు నుంచి వచ్చారు. రాష్ట్ర సరిహద్దు అవతల మడకశిర వైపు నుంచి వచ్చారు. అందరూ అచ్చు బొమ్మ వద్దు, మా మనిషి ముఖం కావాలి అన్నారు. ఎవరి దగ్గరా ఫోటో లేదు. నుదురు వెడల్పు, ముక్కు పొడుగు, బుగ్గలు లోపలికి అని చెప్పేవాళ్ళు. కాళాచారి విని చేసేవాడు. ఇంటికి తీసుకుపోయి, ఆమే అని చెప్పి పంపేవాళ్ళు. కమ్మలు, ముక్కుపుడకలు తగ్గిన కరువు ఏళ్ళలో ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ బిళ్ళలతోనే. కాళాచారి పేరు తాలూకాలో ఈ బిళ్ళలతోనే నిలబడింది.

ప్రతి బిళ్ళకూ చివరి పని జయలక్ష్మమ్మది. కుంకుడుకాయ నీళ్ళలో వేసి, కుంచెతో రుద్ది, మెరుగు పెట్టాలి. ఒకరోజు మూడు బిళ్ళలు ఒకేసారి చేతికి వచ్చాయి. తడిగుడ్డ మీద వాటిని పక్కపక్కన పెట్టింది. ఒకటి రాయచెర్లులో చనిపోయిన హొన్నమ్మది. తక్కినవి మడకశిర వైపువి. మూడు ముక్కులు మూడు రకాలు. ఆమె బొటనవేలితో ఒక్కొక్క దాని ముక్కూ కళ్ళూ మూసి, కింది భాగం మాత్రం చూసింది. మూడింటికీ ఎడమ పెదవి కొస పైకి లేచి ఉంది.

"ఇది హొన్నమ్మ కాదు" అంది.

"వాళ్ళు హొన్నమ్మే అంటారు చూడు."

"వాళ్ళ మాట వద్దు. నువ్వు చెప్పు."

కాళాచారి ఒక బిళ్ళ తీసుకుని చూశాడు. దాచలేదు.

"నా చేతికి వచ్చే మొగం అదొక్కటే. ముక్కు మారుస్తా, నుదురు మారుస్తా. కిందికి వచ్చేతలికి అదే వస్తాది. వద్దనుకున్నా అదే వస్తాది" అన్నాడు.

సుత్తి పిడి వదులైందని చెప్పే గొంతుతో చెప్పాడు. జయలక్ష్మమ్మ అలా వినలేదు. వద్దనుకున్నా అదే వస్తుందన్న మాటను ఆమె వెనక గదికి తీసుకుపోయింది.

చేతి అద్దం తీసి, ఎడమ పెదవి కొస పైకి లేపి చూసుకుంది. పంటినొప్పి వచ్చినట్టు కనిపించింది. అద్దం బోర్లా పెట్టేసింది.

ఆ తర్వాత నుంచి మంగళవాడ నుంచి ఎవరు వచ్చినా ఆమె నీళ్ళు ఇవ్వలేదు. మెరుగు పెట్టేటప్పుడు పెదవి దగ్గర కుంచెను గట్టిగా రుద్దేది. వెండి అరగలేదు, కుంచె అరిగింది. ఒక మధ్యాహ్నం అంగడిలో ఎవరూ లేనప్పుడు భర్తను అడిగింది.

"కండ్లు మూసుకో. నా మొగం ఎట్లుంటాదో చెప్పు."

"పని ఉండాది నాకు."

"మూసుకో."

మూసుకున్నాడు. "గుండ్రంగా ఉంటాది."

"ఇంకా?"

"బొట్టు పెద్దది పెడతావు."

"ఇంకా?"

"ఇంకేముండాదే? దినామూ చూసేదే గదా."

"అయితే చెప్పు."

"దినామూ చూసేదాన్ని ఎవరు చూస్తారే?" అని కళ్ళు తెరిచి, పట్టకారు కోసం వెతుక్కున్నాడు.

పట్టకారు ఆమె చేతిలో ఉంది. ఇవ్వలేదు.

"నాకొక బిళ్ళ చెయ్యి. నా మొగం పెట్టి."

"నోరు కడుక్కో పో. బతికుండే మనిషికి ఎవరన్నా చేస్తారా?"

"చచ్చినాక చేస్తావా?"

కాళాచారి పట్టకారు కోసం చెయ్యి చాపాడు.

"చేసినా ఆమె మొగమే వస్తాది లే" అని పట్టకారు ఆయన ముందు పడేసి లోపలికి పోయింది.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు ముందు కాళాచారి నగలు అతకడానికి వాడే వెలిగారం తేవడానికి హిందూపురం పోయాడు. ఆ పగలు ఈరక్క వచ్చింది. పూజకు ముందు బిళ్ళలకు మెరుగు పెట్టించుకోవడం అందరికీ అలవాటే. పనిలో ఉలి అవసరం లేదు కాబట్టి ఆయన లేకపోయినా జయలక్ష్మమ్మ చేసి పంపేది.

ఈరక్కకు ఇరవై ఏళ్ళుంటాయి. తాడు విప్పి బిళ్ళను జయలక్ష్మమ్మ చేతిలో పెట్టింది కానీ, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మెరుగు పెట్టాల్నా?"

"పెట్టక్కా." తర్వాత అంది, "పెట్టకున్నా ఏం లేదు."

"ఏంది పాపా?"

"ఆయప్ప నాతో మాట్లాడేటప్పుడు మొగం కాడ చూడడక్కా. ఈడ చూస్తాడు" అని మెడ కింద వేలు పెట్టింది. "కూడు తింటా 'ఉప్పు సాలలేదు' అంటాడు. ఎవురికి చెప్తాండాడో నాకు తెలీదు. వండింది నేను."

జయలక్ష్మమ్మకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వి చాలా కాలమైంది.

"కొంగు కప్పుకో."

"కప్పుకుంటే ఆమెకు ఊపిరాడదంటాడు."

ఇద్దరూ నవ్వారు. ముందు ఆపింది ఈరక్క.

"అచ్చుదయితే నాకేం బాధ లేదక్కా. మా సిన్నమ్మ గూడా రెండో పెండ్లామే. ఆమె మెడలో అచ్చుదే ఉండాది. అది దేవర మాదిరి. మొక్కేది, మరిచిపోయేది. ఇది మనిషి. పొద్దున్నే లేచి మొగం కడుక్కుంటే నాకంటే ముందు ఇదే నవ్వుతాది."

"కరిగించి అచ్చుది ఏసిస్తే?"

"ఆయప్ప నన్ను సంపుతాడు."

జయలక్ష్మమ్మ బిళ్ళను వాకిలి వెలుతురులో పెట్టి చూసింది. ఆ ముఖంలో ఏది ఎక్కడ ఉందో ఆమెకు తెలుసు. ఎన్ని బిళ్ళలు రుద్దిందో అన్నిసార్లు ఈ ముఖాన్నే రుద్దింది.

"కూసో" అంది.

పూజ జరిగిన బిళ్ళ మీద ఉలి పెట్టకూడదు. అది ఆమె తండ్రి ఇంట్లో నేర్చుకున్న మొదటి సంగతుల్లో ఒకటి. ఓబళప్ప గుర్తుపట్టి సంతలో ఒక మాట అంటే, కాళాచారి అంగడికి వెండి తెచ్చేవాళ్ళు ఉండరు. ఇదీ ఆమెకు తెలుసు. అయినా కుంపటి రాజేసింది. బిళ్ళ వెనక నింపి ఉన్న లక్కను కరిగించి తీసింది. రేకును ఎర్రగా కాల్చి, చల్లార్చి, కొత్త లక్క మీద పెట్టింది. ఉలుల్లో మొన లేనిది ఒకటి తీసుకుంది. భర్త ఉలిని ఆమె అంతకు ముందు తుడిచిపెట్టిందే గానీ పట్టలేదు.

ఎడమ పెదవి కొస మీద ఉలి పెట్టి సుత్తితో తట్టింది. వెండి కొంచెం కొంచెంగా దిగింది. బుగ్గ మీద మడత ఉంటే దాన్నీ అణిచింది. పెదవి దిగిన తర్వాత కళ్ళు వేరే ఎవరివో అయ్యాయి. వాటినీ సవరించింది. ఇంకెవరి ముఖమూ పెట్టలేదు. ఉన్నదాన్ని తీసేసింది.

ఈరక్క బిళ్ళ తీసుకుని చూసింది.

"ఎవరిదక్కా ఇది?"

"ఎవరిదీ కాదు."

"ఆయప్ప కనుక్కుంటే?"

"మెరుగు పెడితే అరిగిందని చెప్పు. మిగిలింది నేను చూసుకుంటా."

ఈరక్క బిళ్ళను తాడుకు ఎక్కించుకుని, కొంగు కప్పుకుని పోయింది.

అమావాస్య పోయింది. ఓబళప్ప రాలేదు. తర్వాతి సంతకు ఈరక్క ఒక్కతే అంగడిలోకి వచ్చి, కాళాచారి పెరట్లోకి పోయినప్పుడు గొంతు తగ్గించి చెప్పింది.

"పీట మీద పెట్టినాడు. కుంకుమ పెట్టినాడు. సీర పెట్టి సాగిలపడినాడు. ఏం తెలీలే అక్కా."

"బాగా చూసినాడా?"

"చేతిలోకి తీసుకోని కండ్లకద్దుకున్న్యాడు. ఇంకేం చూడల్ల?"

"అయితే నీకు నిమ్మళమే గదా."

"యాడి నిమ్మళం? ఇప్పుటికీ ఆడే చూస్తాడు."

జయలక్ష్మమ్మకు మాత్రం నిమ్మళించింది. ఆమె లెక్క ఇది. ఆరేళ్ళు కాపురం చేసిన మొగుడే గుర్తుపట్టలేదు. మగవాళ్ళ తలలో ముఖాలు నిలవవు. కాళాచారి తలలోనూ నిలవలేదు. ఉన్నదంతా చేతి అలవాటు. చెప్పులు కుట్టేవాడి చేతికి ఒక కుట్టు అలవాటైనట్టు, ఈయన చేతికి ఒక పెదవి అలవాటైంది. చేతిని చూసి ఎవరు కుళ్ళుకుంటారు? మంగళవాడ వాళ్ళకు మళ్ళీ చెంబుతో నీళ్ళు ఇచ్చింది. రంగక్క వస్తే కూర్చోబెట్టి, ఆమె మోకాలి నొప్పి గురించి అడిగింది.

వేరుశెనగ పీకి, కాయలు వలిచి, సంతకు వేసే రోజులు వచ్చాయి. ఆ ఏడు పంట ఒక మాదిరిగా వచ్చింది. ఓబళప్ప కూతురికి చెవులు కుట్టించడానికి ఈరక్కను, పాపను తీసుకుని వచ్చాడు. ఈరక్క కుంపటి ముందు కూర్చుని పాపను ఒళ్ళో పెట్టుకుంది. ఓబళప్ప గడప దగ్గర నిలబడి బెల్లం ముక్క చూపిస్తున్నాడు. జయలక్ష్మమ్మ పక్కన లక్క వెచ్చబెడుతోంది.

కాళాచారి పాప చెవి తమ్మె మీద మసితో చుక్క పెట్టాడు. సూది తీశాడు.

"గట్టిగా పట్టుకోమ్మా" అన్నాడు.

ఈరక్క పాప తల పట్టుకోవడానికి వంగింది. కొంగు జారింది. తాడు ముందుకు వేలాడి, బిళ్ళ అతని కళ్ళ ముందు ఊగింది.

సూది ఆగింది.

"ఈ బిళ్ళను ఎవరు ముట్టినారు?" అన్నాడు.

"ఎవరు ముడతారప్పా?" అన్నాడు ఓబళప్ప గడప నుంచి. "పెద్దల అమాసకు నీ కాడే గదా మెరుగు పెట్టించింది."

ఈరక్క చేతులు పాప తల మీద బిగిశాయి. పాప అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. కాళాచారి భార్య వైపు చూశాడు. జయలక్ష్మమ్మ కళ్ళు దించలేదు. దాచడానికి ఆమెకు ఓపిక లేదు. ఆయన ఏమంటాడన్నది కూడా ఆ క్షణంలో ఆమెకు పట్టలేదు. ఆయన గుర్తుపట్టాడన్నదే ఆమె దగ్గర మిగిలింది.

"ఏంటికి ఆచారీ? ఏమయింది?" ఓబళప్ప లోపలికి వచ్చాడు.

"ఏం లేదు. మెరుగు ఎక్కువైంది. అరిగింది" అన్నాడు కాళాచారి.

ఓబళప్ప బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని వంగి చూశాడు.

"యాడరిగింది? అట్లే ఉండాది. మా కరియమ్మే."

కాళాచారి పాప చెవులు కుట్టాడు. తీగె తిప్పి, పసుపు అద్దాడు. పాప బెల్లం తింటూ ఏడ్చింది.

వాళ్ళు పోయాక కాళాచారి సూది తుడుస్తూ అడిగాడు.

"ఏంటికి చేసినావు?"

"ఆయప్ప ఆరేండ్లు కాపురం చేసినాడు. బిళ్ళను కండ్లకద్దుకున్న్యాడు. దినామూ కండ్ల ముందరే ఉండాది. ఇప్పుడు చేతిలో పట్టుకోని చూసినాడు. గుర్తు పట్టలే" అంది జయలక్ష్మమ్మ. "నువ్వు చేతిలో సూది పెట్టుకోని, వంగిన మనిషి మెడలో చూసి పట్టినావు."

"నేను చేసిందే. చేసినోనికి తెలీదా?"

ఆమె లక్క గిన్నెను కింద పెట్టింది.

"పేరు పోతాదని తెలీదా నీకు? ఓబళప్ప గట్టిగా అరిసింటే?" అన్నాడు.

"తెలుసు."

"తెలిసే చేసినావా?"

"తెలిసే చేసినా. నేనొకటి తెలుసుకోవాల్సి ఉండింది. తెలిసింది."

చేసినవాడికి తెలియదా అన్న జవాబులో తప్పు లేదు. జయలక్ష్మమ్మ ఆ తర్వాత కూడా దాన్ని చాలాసార్లు తిప్పి చూసింది. అది నిజమే అయివుండవచ్చు. తన తండ్రి అయినా, తను అయినా చేసిన పనిని గుర్తుపడతారు. ఇన్ని తెలిసినా ఆమె లోపల ఉన్నది కదల్లేదు.

రాయచెర్లు ఎర్రప్ప బిళ్ళ కోసం ఇచ్చిపోయిన వెండి అప్పటికే రేకుగా తీసి ఉంది. మరుసటి రోజు కాళాచారి దాన్ని లక్క మీద పెట్టి, నుదురు లేపాడు, ముక్కు లేపాడు. కిందికి వచ్చాక ఆగాడు. కుంపటికి అవతల ఆమె ఆయన చేతినే చూస్తోంది. ఉలి ఎత్తి పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి లక్క దిమ్మెను రేకుతో సహా కుంపటి పక్క నుంచి ఆమె వైపు జరిపాడు.

"కింద నువ్వు చెయ్యి" అన్నాడు.

"నాకు చేతనయితాదా?"

"నిన్న చూసినా గదా. చేతనయితాది."

అది పొగడ్తో దెప్పో ఆమె అడగలేదు. ఉలి తీసుకుంది.

తర్వాతి బిళ్ళకు ఆయన ఏమీ మొదలుపెట్టకుండానే దిమ్మె ఇటు జరిపాడు. తొంభైల్లో ఆ ఇంటి నుంచి పోయిన బిళ్ళలన్నీ జయలక్ష్మమ్మ చేసినవి. కాళాచారి కమ్మలు, ముక్కుపుడకలు చేసేవాడు, చెవులు కుట్టేవాడు. ముఖం మాత్రం ముట్టలేదు. ఆమె చేసిన ముఖాల్లో నోరు మూసి ఉండేది. ముందు బిళ్ళల్లో నవ్వు ఉండేదప్పా అని ఒకరిద్దరు అన్నారు. చచ్చినోళ్ళు ఏంటికి నవ్వుతారు అని ఆమె అడిగింది. వెండి తెచ్చేవాళ్ళు కొంత తగ్గారు గానీ ఆగలేదు.

పని ఒప్పుకునే ముందు ఆమె అన్నీ అడిగేది. నుదురు ఎట్లుండేది, ముక్కు ఎట్లుండేది, బుగ్గలు ఎట్లుండేవి. వచ్చినవాళ్ళు చెప్పుకుంటూ పోయేవాళ్ళు. అంతా విని, వాళ్ళు తెచ్చిన వెండి చేతిలో పట్టుకుని, చివర ఒకటి అడిగేది. దాని జవాబును బట్టే పని ఒప్పుకునేది. ఆ సంవత్సరాల్లో ఒకసారి వై.ఎన్.హొసకోట పక్క ఊరి నుంచి బైలప్ప అనే అతను వచ్చి, భార్య గురించి చెప్పాల్సిందంతా చెప్పాడు.

"ఆమె ఎప్పుడన్నా మా అంగడికి వచ్చిందా?" అంది జయలక్ష్మమ్మ.

"వచ్చింది జయక్కా. పెండ్లికి ముందు కమ్మలు ఈడే చేయించినారు."

జయలక్ష్మమ్మ వెండిని తువ్వాల్లో మళ్ళీ కట్టి అతని చేతిలో పెట్టింది.

"మడకశిరలో మా చిన్నాయన కొడుకు ఉండాడప్పా. నాకంటే బాగా చేస్తాడు. ఆడికి పో."

"నిన్నే నమ్ముకోని వచ్చినా గదక్కా. నువ్వే..."

"బస్సు ఉండాది ఇప్పుడు. తొందరగా పో."

అతను కాళాచారి వైపు చూశాడు. కాళాచారి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, తల ఎత్తకుండా నిప్పు ఊదుతున్నాడు.